కథకు పదకొండు లైకులే వస్తే ఏం చేయాలి

మూడు వారాలు కూర్చుని రాసిన కథను శనివారం రాత్రి తొమ్మిది నలభైకి ఫేస్‌బుక్‌లో పెట్టాను. మొదటి లైకు కూడా తొమ్మిది నలభైకే పడింది. రెండోది ఆ వెంటనే. నెమ్మదిగా చదివితే పన్నెండు నిమిషాలు పట్టే కథ అది. ఆ ఇద్దరూ చదవలేదని నాకు తెలుసు, అయినా సంతోషపడ్డాను. పడుకునేలోపు ఇరవైసార్లయినా ఫోన్ తీసి చూసుంటాను. ఆదివారం సాయంత్రానికి లెక్క పదకొండు దగ్గర ఆగిపోయింది. అందులో ఇద్దరు మా ఆఫీసువాళ్లు, ఒకాయన ఏది పెట్టినా లైకు కొట్టే మా వీధి కిరాణా కొట్టాయన. సోమవారం నాటికి ‘ఇక రాయను’ అనేసుకున్నాను. ఈ మాట ఇప్పటికి నాలుగైదుసార్లు అనుకున్నానులెండి.

మీరూ ఆ మాట దగ్గరే ఉంటే, కథలు మానేసే ముందు కింద చెప్పినవి ఒక్కొక్కటిగా చేసి చూడండి. నేను కాకినాడలో ఒక చిన్న ఆఫీసులో పద్దులు రాసుకునేవాణ్ణి, పేరున్న రచయితను కాను. ఇవన్నీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

1. ఆ రాత్రి దేన్నీ డిలీట్ చేయకండి

కోపంలో కథ తీసేస్తే దాని కింద ఉన్న నాలుగు మంచి మాటలూ దానితోనే పోతాయి. ఆ పోస్టు కళ్లబడితేనే కష్టంగా ఉంటే ఆర్కైవ్‌లోకి పంపండి. ఇంకెవరికీ కనబడదు, మీకు కావాల్సినప్పుడు మళ్లీ బయటికి తీయొచ్చు. ఇప్పటికే తీసేశారా? ట్రాష్‌లో ముప్ఫై రోజులు ఉంటుంది, వెళ్లి తెచ్చుకోండి.

ఇంకో మాట. కథను నేరుగా ఫేస్‌బుక్‌లోనే టైపు చేసి, వేరే ఎక్కడా దాచుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. అకౌంట్ పోయిననాడు ఐదేళ్ల కథలూ పోతాయి. ఈ రోజే అన్నిటినీ ఒక ఫైలులో పెట్టి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. మీ కథను ఎవరైనా వాళ్ల పేరుతో పెట్టుకున్న రోజున ఆ మెయిల్ మీద తేదీ కూడా పనికొస్తుంది.

2. ఏది బాధపెట్టిందో ఒక్క వాక్యంలో రాయండి

‘నిరుత్సాహంగా ఉంది’ అని కాదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు. ‘నాతోపాటు గ్రూపులో చేరిన ఆవిడ కథకు మూడు వందలు వచ్చాయి, నాకు పదకొండు.’ ‘మా మేనత్త ఒక్కసారీ చదవలేదు.’ ‘ఒకాయన యాస మీద వెక్కిరించాడు.’ ‘నా కథే నాకు నచ్చడం లేదు.’ ఇలా.

ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. మొదటిది అసూయ. దాన్ని ఒప్పేసుకుంటే సగం తగ్గుతుంది. రెండోదానికి మందు లేదు, మేనత్తలు చదవరు. మూడోదాని గురించి కింద చెబుతాను. నాలుగోది అసలు జబ్బే కాదు. మీ రాతకన్నా మీ అభిరుచి ఒక మెట్టు పైకెక్కిందన్నమాట. అలాంటి కథను వారం పక్కన పెట్టి మళ్లీ తిరగరాయండి.

3. లైకు అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

మన పెళ్లిళ్లలో చదివింపులు ఉంటాయి కదా. ఒకాయన నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాడు, పేరూ పైకమూ రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో పెళ్లైతే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా మనమూ చదివిస్తాం. ఫేస్‌బుక్ లైకుల్లో ఎక్కువ భాగం ఈ పద్దే. మూడు వందల లైకులొచ్చిన ఆవిడ వాల్ చూడండి, రోజూ యాభైమంది పోస్టుల దగ్గరికి వెళ్లి పలకరించి వస్తుంది. అది తప్పేం కాదు, ఆవిడ కష్టం ఆవిడది. కానీ ఆ అంకె ఆవిడ కథకు వచ్చిన మార్కులు కాదు, మీ పదకొండూ మీ కథకు వచ్చిన మార్కులు కావు.

రెండో సంగతి, మీ స్నేహితులందరికీ మీ పోస్టు కనబడదు. ఎవరికి ఏది ముందు చూపాలో ఫేస్‌బుక్కే తేలుస్తుంది. స్నేహితుల మధ్యా కుటుంబసభ్యుల మధ్యా మాటలు నడిపించే పోస్టులకు ముందుచోటు ఇస్తామని 2018 జనవరిలో ఆ సంస్థే ప్రకటించింది. పుట్టినరోజు ఫొటో కింద అరగంటలో వంద శుభాకాంక్షలు పడతాయి. కథ చదివినవాడు ఏం చేస్తాడు? కాసేపు ఊరుకుంటాడు. బాగా నచ్చితే ఇంకా ఎక్కువసేపు ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని లెక్కపెట్టే మీట ఎక్కడా లేదు.

అంకె కనబడితే కన్ను ఊరుకోదు కాబట్టి దాన్ని దాచేయండి. లైకుల లెక్కను దాచుకునే వీలు 2021 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో ‘రియాక్షన్ ప్రిఫరెన్సెస్’ అని వెతకండి. ఈ పేర్లు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇతరుల పోస్టుల మీద లెక్కను ముందు దాచండి. నాకు నా లెక్క కన్నా ఎదుటివాళ్ల లెక్కే ఎక్కువ చెడు చేసింది. ఆ తర్వాత మీ పోస్టుకు నోటిఫికేషన్లు ఆపేసి, మర్నాడు సాయంత్రం ఒక్కసారి చూడండి.

4. పోస్టు పెట్టే తీరును ఒకసారి అనుమానించండి

కథ బాగానే ఉండి, దాన్ని పెట్టిన తీరువల్లే చదవకుండా పోయేవి ఎన్నో. నా పాత పోస్టులు తెరిస్తే సిగ్గేసింది. ప్రతిదీ ఇలా మొదలు: ‘మిత్రులందరికీ నమస్కారం. ఇది నా ఆరో కథ. ఆఫీసు పని ఒత్తిడిలో రాశాను. తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించి ఆదరించగలరు.’ ఫేస్‌బుక్ మొదటి కొన్ని వరుసలే చూపించి, మిగతాది ‘సీ మోర్’ వెనక దాచేస్తుంది. ఆ ఉన్న నాలుగు వరుసలూ నేను క్షమాపణకు ఖర్చుపెట్టాను. కథ మొదటి వాక్యం ఎవరికీ కనబడనే లేదు.

క్షమాపణ తీసేయండి. కథ పేరు, వెంటనే కథ. మొదటి వాక్యంలో సూర్యోదయం ఉంటే అదీ తీసేసి, రెండో పేరాతో మొదలుపెట్టి చూడండి. నా కథలు పదిలో ఆరు అలాగే బాగుపడ్డాయి.

పేరాలు చిన్నవి చేయండి. పుస్తకంలో పది వరుసల పేరా ఫోన్‌లో గోడంత అవుతుంది. పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ వరుస వదలండి. పాత డీటీపీ అలవాటుతో, అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో టైపు చేసేవాళ్లు నేరుగా కాపీ చేసి పెడితే పిచ్చిగీతలు వస్తాయి, ఫోన్లలో తెలుగు కనబడే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించేవాళ్లు ఒకసారి పైకి చదువుకోండి. నా కథలో ‘వాడు గుమ్మం దాటాడు’ అన్నది ‘వాడు గుమ్మడి దాటాడు’ అయింది. కథలో అదే కన్నీళ్లు పెట్టించాల్సిన చోటు.

ఇక పొడవు. రెండు వేల మాటల కథను ఒకే పోస్టుగా పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు. ముక్కలు చేసి ‘తరువాయి భాగం రేపు’ అంటే మొదటి ముక్క చదివినవాళ్లలో సగంమందికి రెండోది కంటపడకపోవచ్చు. చిన్న కథను విరగ్గొట్టకండి.

5. ముగ్గురు పాఠకులను వెతుక్కోండి

అన్నిటికన్నా పని చేసింది ఇది. అన్నిటికన్నా కష్టమూ ఇదే.

మనవాళ్లను ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనడం తప్ప వాళ్లకు దారి లేదు. మా బాబాయి నా కథలన్నిటికీ ‘బాగుందిరా’ అనే అంటాడు. ఆ మాట ఆయన కాఫీకీ అంటాడు. కామెంట్లలో అయితే ‘సూపర్ అండి’, ‘చాలా చక్కగా రాశారు’, రెండు చేతులు జోడించిన బొమ్మ. వాళ్లకు మీరంటే అభిమానం. దాన్ని అభిమానంగానే తీసుకుని, ధన్యవాదాలు చెప్పి వదిలేయండి. అందులో కథ గురించి సమాచారం కోసం తవ్వితే ఏమీ దొరకదు.

అందుకే ప్రశ్న మార్చండి. నేను ఇప్పుడు మూడే అడుగుతున్నాను. ఎక్కడ చదవడం ఆపేసి ఫోన్ పక్కన పెట్టారు? ఎవరు ఎవరో అర్థంకాక వెనక్కి వెళ్లి చూసిన చోటు ఉందా? చివర్లో ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి. వీటికి ‘బాగుంది’ అని జవాబు చెప్పడం కుదరదు. ముఖ్యంగా మూడోది. మీరు రాశాననుకున్నదీ వాళ్లు చదివిందీ ఒకటో కాదో అక్కడ బయటపడుతుంది. ఒక స్నేహితుడు నా కథ చివర చెబుతూ, ‘ఆమె ఊరెళ్లిపోయింది కదా’ అన్నాడు. నేను చంపేశాను ఆమెను! ‘దూరతీరాలకు సాగిపోయింది’ అని రాసింది నేనే మరి.

ముగ్గురూ ఎవరు? ఒకరు మీలాగే కథలు రాసేవారు. ఒకరు అస్సలు రాయని, కానీ నవలలు మింగేసే రకం. ప్రతి ఇంట్లోనూ వీక్లీ సీరియళ్లు చింపి, కుట్టి దాచుకున్న తరం ఆడవాళ్లు ఉంటారు, వాళ్లకన్నా నిర్దయగా చదివేవాళ్లు లేరు. మూడో మనిషి మీ కథ జరిగే చోటు తెలిసినవారు. లైన్‌మన్ గురించి రాస్తే ఒక లైన్‌మన్‌కు చదివి వినిపించండి. నా కథలో స్తంభం ఎక్కే పద్ధతి అంతా తప్పని అలాగే తెలిసింది.

వాళ్లకు లింకు పంపకండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ గానీ, అరవై దాటినవాళ్లయితే పెద్దక్షరాల్లో ప్రింటు గానీ ఇవ్వండి. వారం గడువిచ్చి ఊరుకోండి. మధ్యలో ‘చదివారా?’ అని అడిగితే ఆ మనిషి మీకు దక్కరు.

రాసేవాళ్లలో ఒకరిని సంపాదించాలంటే మీరు ముందు చదవాలి. గ్రూపులో మీకు నిజంగా నచ్చిన కథ కింద రెండు వాక్యాలు రాయండి, కథలోని ఒక వస్తువునో ఒక మాటనో పట్టుకుని. ‘ఆ స్టవ్ మీద పాలు పొంగిన దగ్గర నాకు భయమేసింది’ అంటే చాలు. రాసినవారికి తెలిసిపోతుంది ఇది చదివింపు కాదు, చదవడమేనని. నాకు ఇప్పుడున్న మొదటి పాఠకురాలు అలా దొరికిన మనిషే. ఆవిడ ఖమ్మంలో ఉంటారు, ఇంతవరకు కలుసుకోలేదు. తెలంగాణ మాటల్లో నేను చేసే తప్పులన్నీ ఆవిడే పట్టుకుంటారు, ఆవిడ రాసే గోదావరి మాటల్లో తప్పులు నేను పట్టుకుంటాను.

6. గుచ్చుకున్న కామెంటును ఒక రోజు ఆగి చదవండి

అప్పటికప్పుడు జవాబివ్వకండి. మర్నాడు చదివి ఏ రకమో చూడండి. కథలో ఒక చోటు చూపించి ‘ఇది కుదరలేదు’ అంటే, ఎంత కటువుగా ఉన్నా అది బంగారం. ‘మీ యాస అర్థం కాలేదు, మంచి తెలుగులో రాయండి’ అంటే నవ్వుకుని మీ యాసలోనే రాయండి. ‘మీలాంటివాళ్లు’ అని మొదలైతే బ్లాక్ చేయండి. వాదించి గెలిచినవాడిని నేను చూడలేదు, రెండు గంటలు పోగొట్టుకున్నవాడిని అద్దంలో చూశాను.

ఒక రకం మాత్రం మన దగ్గర ప్రత్యేకం. కథలో అత్తగారిని పెడితే మీ అత్తగారు తననే అనుకుంటారు. తాగుబోతు మామయ్యను పెడితే ముగ్గురు మామయ్యలు ఫోన్ చేస్తారు. దీనికి భయపడే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, రాయాల్సింది రాయకుండా పూలూ వెన్నెలా రాస్తున్నారు. పోస్టు ఎవరికి కనబడాలో ఎంచుకునే చోట ‘ఫ్రెండ్స్ ఎక్సెప్ట్’ అని ఉంటుంది, పేర్లు అందులో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి పంపే పుణ్యాత్ములు ఉంటారనుకోండి. అది కూడా కుదరదనుకుంటే కలంపేరుతో వేరేచోట రాయండి. పెన్‌నేమ్ మన కథకు కొత్తేమీ కాదు.

7. సీరియల్ రాస్తుంటే వేగం తగ్గించండి

కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్ లాంటి చోట్లా, కథల గ్రూపుల్లోనూ రోజుకో భాగం పెట్టేవాళ్లు త్వరగా అలసిపోతారు. ‘తరువాయి భాగం ఎప్పుడు?’ అన్న కామెంటు మొదట తీపి, ఇరవయ్యో భాగానికి అప్పులవాడి కేక. కనీసం పది భాగాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. వారానికి రెండు రోజులని ముందే చెప్పండి. ముగింపు ఏమిటో తెలియకుండా మొదటి భాగం పెట్టకండి. నేను పెట్టాను. నాయిక ఇప్పటికీ సికింద్రాబాద్ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది.

8. ఒక కథను వాల్ మీద పెట్టకుండా దాచండి

పత్రికకు పంపాలన్న ఆలోచన ఏ మూల ఉన్నా, ఆ కథను ముందు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మన పత్రికలూ కథల పోటీలూ హామీపత్రం అడుగుతాయి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని. ఇప్పుడు చాలాచోట్ల ‘బ్లాగుల్లో గానీ సోషల్ మీడియాలో గానీ’ అని కూడా కలుపుతున్నారు. పదకొండు లైకుల కోసం ఆ అవకాశం పోగొట్టుకున్న కథలు నావి రెండున్నాయి.

దినపత్రికల ఆదివారం పుస్తకాల్లో చోటు తక్కువ, కథ చిన్నది కావాలి. పెద్ద కథకు వెబ్ పత్రికలు నయం. 1998 నుంచి వస్తున్న ఈమాట ఉంది, సారంగ, సంచిక ఉన్నాయి. పంపే ముందు రెండు మూడు సంచికలు చదివి, వాళ్లు ఎలాంటివి వేస్తారో చూడండి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. అందుకే ఒకటి పంపాక దాని గురించి మర్చిపోయి రెండోది మొదలుపెట్టాలి. తిప్పి పంపితే కథను ఒకసారి దిద్ది ఇంకోచోటికి పంపండి. ఒకే కథను ఒకేసారి ఇద్దరికి పంపకండి.

9. ఎవరైనా మీ కథ ఎత్తుకెళ్తే

వాట్సాప్‌లో పేరు తీసేసి తిప్పుతారు, యూట్యూబ్‌లో చదివేసి పెడతారు. బాధే, కానీ నిస్సహాయులేం కారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. ముందు స్క్రీన్‌షాట్, లింకు దాచుకోండి. తర్వాత ఆ మనిషికి మర్యాదగా ఒక సందేశం. తీయకపోతే ఫేస్‌బుక్‌కూ యూట్యూబ్‌కూ కాపీరైట్ ఫిర్యాదు ఫారాలున్నాయి, నింపండి. దీని మీద ఒక సాయంత్రం కన్నా ఎక్కువ పెట్టకండి.

10. ఒక మధ్యాహ్నం పాత పత్రికలతో గడపండి

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసిన కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టారు. తెలుగులో అచ్చైన కథలన్నీ ఒకచోట చేర్చాలన్న పట్టుదల ఆయనది. అంత దూరం వెళ్లలేకపోతే వాళ్ల వెబ్‌సైటులో స్కాన్ చేసిన కథలున్నాయి. పాత వారపత్రిక ఏదో ఒకటి తెరిచి, మీరెప్పుడూ వినని పేరు ఎంచుకుని ఆ కథ చదవండి. తర్వాత ఇంకో వినని పేరు. గుమాస్తాలు, టీచర్లు, రైల్వేవాళ్లు, ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నం రాసుకున్న ఆడవాళ్లు. వాళ్లకు లైకుల లెక్క లేదు. ఎవరో చదివి ఉంటారనే నమ్మకం, ఎప్పుడైనా ఒక పోస్టుకార్డు. అంతే. నాకైతే ఆ మధ్యాహ్నం తర్వాత నా పదకొండుమంది కాస్త ఎక్కువమందిలాగే కనబడ్డారు.

11. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

విరామం తీసుకుంటే తీసుకోండి, కానీ తేదీ వేసుకోండి: సంక్రాంతి దాకా, పిల్లల పరీక్షలయ్యేదాకా. ఆ రోజుల్లో కథ రాయకండి, విన్నవి రాయండి. బస్సులో పక్కసీటు మాట, రైతుబజారులో బేరం, ఆసుపత్రి వరండాలో ఎవరో ఫోన్‌లో చెప్పిన అబద్ధం. రోజుకు ఐదు వరుసలు. ఎవరికీ చూపించొద్దు. రెండు నెలలకు ఆ నోటుబుక్కులో రెండు వరుసలు ఒకదాన్నొకటి చూసుకోవడం మొదలుపెడతాయి. నా తర్వాతి కథ అలాగే వచ్చింది.

ఆ పదకొండు లైకుల కథ సంగతి చెప్పలేదు కదూ. రిటైరైన ఒక లైన్‌మన్ పట్నంలో కూతురింటికి వస్తాడు, గుమ్మం బయట చెప్పులు విడుస్తాడు, తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా బస్‌స్టాండుకు వెళ్లిపోతాడు. ఇదీ కథ. పెట్టిన నాలుగు నెలలకు మాఘమాసంలో సామర్లకోటలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర మా పెదనాన్నగారి అమ్మాయి అత్తగారు నా పక్కన కూర్చున్నారు. సాంబారు వడ్డిస్తుండగా అడిగారు, “బాబూ, ఆ ముసలాయన వెళ్లేటప్పుడు చెప్పులేసుకున్నాడా, వదిలేశాడా?”

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. “చదివారా అత్తయ్యగారూ? లైకు కొట్టలేదేం?” అన్నాను.

“కొడితే నేను ఫోన్ చూస్తున్నానని మా కోడలికి తెలిసిపోతుందట కదా. నీవన్నీ చదువుతాను. చెప్పుల సంగతి చెప్పు ముందు.”

చెప్పులు నేను మర్చిపోయాను. మొదటి పేజీలో విడిపించి, చివరి పేజీలో వట్టికాళ్లతో బస్సెక్కించాను ఆయన్ని. ఇంటికొచ్చి ఆ రాత్రే కూర్చుని దిద్దాను, ముగింపు మొత్తం మారిపోయింది. పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి ఆవిడకు పంపించాను. వారం తర్వాత ఫోన్ చేశారు. ముగింపు బాగుందనో, ఏడిపించావనో అంటారని చూశాను.

“అదంతా సరేగానీ, ఆ పిల్ల పేరు మొదట్లో సునీత కదా, మధ్యలో సుజాత అయిందేం నాయనా?”

ఫైలు మళ్లీ తెరిచాను.